ఆయన పేరు చెప్పండమ్మా

ఇప్పుడంటే ఆస్పత్రిలో చేరగానే చేతికి పేరు రాసిన పట్టీ కడుతున్నారు గానీ, నేను కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మనిషిని పోల్చుకోవడానికి నోరు తప్ప వేరే ఆధారం ఉండేది కాదు. మా కృష్ణా జిల్లా ఆడవాళ్ళ నోరు దేనికైనా లేస్తుంది, ఒక్క మొగుడి పేరు దగ్గర తప్ప. తొంభైల్లో గుడివాడలో ఒక చిన్న నర్సింగ్ హోములో కుదిరాను. ట్రైనింగులో బట్టీపట్టిన అయిదు సూత్రాలు నాలుక చివరే ఉండేవి: సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన దారిలో (నోటికో, కండకో, నరానికో), సరైన వేళకి. చివరి నాలుగూ నా చేతిలో పనులే కాబట్టి ఎలాగో నెగ్గుకొచ్చేదాన్ని. ఆ మొదటిదే నా ప్రాణం తోడేసింది. ఆ సూత్రం రాసిన మహానుభావుడెవరో గానీ, మా వైపు పిల్లను చేసుకున్నవాడు మాత్రం అయ్యుండడు.

మా హెడ్ సిస్టరు గారిని మేం చాటుగా 'నోటితో గారు' అనేవాళ్ళం. "పేరు నువ్వు అందించకూడదు. వాళ్ళ నోటితో చెప్పించాలి" అన్నది ఆవిడ ఊతపదం. అందులో న్యాయం లేకపోలేదు. మనవాళ్ళకి మర్యాద ఎక్కువ. సూది పట్టుకెళ్ళి "సుబ్బారావు గారేనా అండీ?" అంటే, పక్కనున్న వెంకట్రావు కూడా తెల్లబట్టల మీద గౌరవం కొద్దీ "ఆఁ" అనేస్తాడు. ఇదిలా ఉంటే, రెండో వైపు నుంచి డాక్టరు గారి భార్య. (ఆవిడ చదివింది బీకామే అయినా అందరం డాక్టరమ్మ గారనే అనాలి.) "ఒక్కో మంచం దగ్గర అంతసేపు కబుర్లేంటమ్మా, సూది వేస్తున్నావా, పేరంటానికి పిలుస్తున్నావా? ఈ నెలాఖరు దాకా చూస్తా" అని చెప్పేశారు. ఆ ఏడే కృత్తివెన్నులో మా నాన్న రొయ్యల చెరువు తెగులొచ్చి తుడిచిపెట్టుకుపోయింది. నా ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. నెమ్మదిగా చేస్తే డాక్టరమ్మ గారు తీసేస్తారు, తొందరపడితే ఎవరి ప్రాణమో పోతుంది. రాత్రి ఏడవడం, పొద్దున్నే చీరకి గంజి పెట్టుకుని రావడం, అదీ నా బతుకు.

అలాంటి ఒక ఉదయం నన్ను ఆడవాళ్ళ వార్డు నుంచి మగవాళ్ళ వార్డుకి మార్చారు. మొదటి పని, కిటికీ పక్క మంచం మీద సాంబశివరావు గారికి టిఫినుకి ముందు ఇన్సులిన్ వెయ్యడం. మంచానికి తగిలించిన కేసు షీటు మీద పేరు స్పష్టంగానే ఉంది. మంచం మీది మనిషే స్పష్టంగా లేడు. ట్రాక్టరు మీంచి పడ్డాడట, దవడకి కట్టు, కుడి చేతికి కట్టు. చెప్పడానికి నోరు లేదు, రాయడానికి చెయ్యి లేదు. ఏమడిగినా "ఊఁ" అంటూ తల ఆడిస్తున్నాడు. "షుగరుందా అండీ?" అంటే "ఊఁ". "లేదా?" అంటే "ఊఁ". పక్కన స్టూలు మీద ఆయన భార్య, దివిసీమ మనిషి, విసనకర్ర పట్టుకుని కూర్చుంది.

"ఆయన పేరు చెప్పండమ్మా" అన్నాను.

ఆవిడ సిగ్గుపడి విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుంది. "శివుడి పేరేనండీ."

సాంబశివరావూ శివుడి పేరే. డాక్టరమ్మ గారి లెక్క ప్రకారం అక్కడితో సూది పొడిచేసి పోవచ్చు. కానీ గుమ్మంలో నోటితో గారు నిలబడి చూస్తున్నారు. "శివుడికి బోలెడు పేర్లున్నాయి కదమ్మా, ఏ పేరు?" అన్నాను.

"అందులో ఓ పురుగుంటదండీ."

దాంతో వార్డు వార్డంతా లేచి కూర్చుంది. ఎదురు మంచం తాత "చీమా?" అన్నాడు. ఇంకొకాయన "జెర్రా?" అన్నాడు. "జెర్రేశ్వర్రావని ఎవరన్నా పెట్టుకుంటారా బాబాయ్ గారూ, మీరు మరీనూ!" అని ఆవిడ కళ్ళనీళ్ళ పర్యంతమైంది. దవడ కట్టాయన చీమకీ జెర్రికీ కూడా "ఊఁ" అన్నాడు. పోనీ మీకెవరికైనా ఈయన పేరు తెలుసా అని వార్డుని అడిగాను. ఒకరికి ఆయన బావగారు, ఒకరికి అన్నయ్య గారు, ఒకరికి అల్లుడు. నాలుగు రోజుల్లో చుట్టరికాలన్నీ కలిపేసుకున్నారు గానీ, పేరు మాత్రం ఒక్కడూ అడగలేదు. (అడిగితే కొత్తవాళ్ళం అయిపోతాం కదా.)

పురుగంటే ఏమిటో నాకు అప్పటికే వెలిగింది. మా కృత్తివెన్ను వైపు కూడా పాముని పేరు పెట్టి అనరు, పురుగనే అంటారు. అంటే ఈయన నాగేశ్వరరావు, సాంబశివరావు కాదు! సూది వెనక్కి తీసుకున్నాను. షుగరు లేనివాడికి ఆ మందు పడితే స్పృహ తప్పి ప్రాణం మీదికొస్తుంది. కానీ పేరు నేను అందించలేను. అందిస్తే ఆయన దానికీ "ఊఁ" అంటాడు, అది సాక్ష్యం కాదు. ఆవిడ ముందు కూలబడి, "అమ్మా, ఈ సూది మీ ఆయనది కాకపోతే మనిషే దక్కడమ్మా. మీ నోటితో పేరు చెప్పండి" అని బతిమాలాను.

ఆవిడ విసనకర్ర కింద పడేసింది. "పేరు చెప్తే ఆయుష్షు తగ్గుద్దని మా అత్తగారు చెప్పింది. చెప్పకపోతే మనిషే పోతాడని మీరంటన్నారు. నన్నెటు చావమంటారమ్మా?" అంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడ్చాం. చివరికి ఆవిడే లేచింది. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడి ఏ దిక్కునుందని అడిగి, ఆ గోడకి దణ్ణం పెట్టుకుని, మొగుడి పాదాలు రెండు చేతులా పట్టుకుని, "నాగేస్సర్రావు" అని, వెంటనే టపటపా లెంపలు వేసుకుంది. ఈసారి మాత్రం ఆయన "ఊఁ" అనలేదు. ఆవిణ్ణే చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడే అసలు సాంబశివరావు గారు పెసరట్టు తిని మూతి తుడుచుకుంటూ లోపలికొచ్చారు. "ఆ మంచమా? నాదేనమ్మా. పాపం మాట్లాడలేడు, గాలన్నా ఆడనీ అని మా బావగారికిచ్చా. ఫ్యాను దానిమీదేగా తిరిగేది! మీరు సూది తిన్నాక వేసినా నాకేం పట్టింపు లేదులే" అన్నారు. ఆయన దయకి ఒకడి ప్రాణం పోవలసింది. సూది పక్కన పెట్టి, తినేశారు, ఏం చెయ్యమంటారని డాక్టరు గారిని అడగడానికి పరిగెత్తాను. దార్లో డాక్టరమ్మ గారు గడియారం చూపించి చెడామడా తిట్టారు. నోటితో గారు మెచ్చుకుంటారేమోనని ఆశపడ్డాను. "ముందా కేసు షీట్లు మార్చి తగిలించు" అన్నారు, అంతే. నెలాఖరు మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ రాత్రి గదిలో తోటి నర్సుల ముందు ఆ దివిసీమ ఆవిడ లెంపలు వేసుకోవడం అభినయించి చూపించి, "నేనైతే కట్టుకున్నవాణ్ణి రోజూ పేరు పెట్టే పిలుస్తాను, చూస్తూండండే" అని గొప్పలు పోయాను. పెళ్ళయ్యాక 'ఏవండీ' దగ్గరే ఆగిపోయాను. అయినా బందరు ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి కొత్త నర్సు పిల్లలకి "వాళ్ళ నోటితో చెప్పించండర్రా" అని పాఠం చెప్పీ చెప్పీ, నేనే నోటితో గారినైపోయాను.

మొన్నామధ్య మా వారికి గుండెలో నొప్పంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు, కళ్ళు మూసుకుని పడున్నారు. చేతికి పట్టీ ఇంకా కట్టలేదు. ఒక చిన్నపిల్ల సూది పట్టుకొచ్చి, నేను నేర్పినట్టే, "పేషెంటు పేరు చెప్పండమ్మా" అంది. నోరు తెరిచాను. ఇంత చదివినదాన్ని, ఇంతమందికి చెప్పినదాన్ని, ఆయన పేరు నోటికి రాలేదు. "మా అమ్మాయి వాళ్ళ నాన్నగారండీ" అన్నాను. ఆ పిల్ల మొహంలో కనిపించిన నిస్పృహ నాకు బాగా తెలిసినదే. దివిసీమ ఆవిడ మాట అప్పటికి నాకు అర్థమైంది. ఆయుష్షు తగ్గుతుందన్నది వట్టిదే అని తెలుసు. తెలిసినా, అలా పడున్న మనిషి పక్కన నిలబడి ఆ వట్టి మాటని కూడా పరీక్షించి చూసే ధైర్యం ఎవరికుంటుంది? ఆయన పాదాలు పట్టుకుని, కళ్ళు మూసుకుని, చెప్పేశాను. ఆ పిల్ల చూడకుండా లెంపలు కూడా వేసుకున్నాను.

దేవుడి దయవల్ల ఇప్పుడు పక్కగదిలో పేపరు చదువుకుంటున్నారు. ఇంకోసారి చెప్పి ఆయన ఆయుష్షుతో ఆడుకోలేను గానీ, మీరింతగా అడుగుతున్నారు కాబట్టి... శివుడి పేరేనండీ.