చప్పిడి ఆదివారాలు

పొద్దు పొడుపు చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో అరసవల్లి వస్తారు. మా ఇల్లు గుడికి వెళ్ళే దారిలోనే. ఆదివారమైతే చీకటితోనే ఆటోలు మొదలవుతాయి. లాడ్జీల్లో బకెట్ల చప్పుడు, కొబ్బరికాయల బండ్ల దగ్గర కేకలు. ఆరోగ్యం ఇచ్చే దేవుడని ఈ గుడిలోని సూర్యుడికి పేరు. ఆయన వీధిలోనే కాపురం ఉంటూ, ఆయన వచ్చే వేళంటేనే హడలిపోయే మనిషిని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

మెలకువ వచ్చిన మొదటి క్షణం బాగానే ఉంటుంది. ఆ వెంటనే గుండె దడ మొదలవుతుంది. ఏదో ఘోరం జరిగిపోయింది, దానికి కారణం నేనే, అదేమిటో మాత్రం ఇంకా ఎవరూ నాకు చెప్పలేదు, అన్నట్టుంటుంది. దుప్పటి తీయాలి, కాలు కింద పెట్టాలి, పళ్ళు తోముకోవాలి. వీటిలో ఏ ఒక్కటీ నా వల్ల కాదనిపిస్తుంది. ఏడుపు కూడా రాదు. వస్తే ఒక పని చేసినట్టైనా ఉండేది.

నేను నరసన్నపేట వైపు ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచర్ని. బడికి పోగానే ఫోన్లో ముఖం చూపించి హాజరు వేయాలి. కళ్ళు ఆర్పితే గాని మనం బతికున్నామని ఆ ఫోను నమ్మదు. నేను కళ్ళు ఆర్పుతాను, అది నమ్మేస్తుంది. ఇంత తేలిగ్గా నమ్మేది ఈ లోకంలో అదొక్కటే.

నా బాధని మనుషులెవరూ నమ్మరు, ఎందుకంటే సాయంత్రానికి నేను వేరే మనిషిని. మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక గుండె మీద బరువు కొద్దికొద్దిగా దిగుతుంది. దీపాలు పెట్టే వేళకి కూర తాలింపు వేస్తూ పక్కింటావిడతో వేళాకోళాలాడతాను. రేపు ఇల్లంతా దులపాలి, బీరువా సర్దాలి అని కోటలు కడతాను. ఆ కోటలన్నీ కూలేది తెల్లారే. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. మొదటి బస్సు ఆయనదే, నాకు మెలకువ రాకముందే వెళ్ళిపోతాడు. ఆయన చూసేది సాయంత్రపు నన్ను మాత్రమే.

నా పొద్దుటి సంగతి చెప్తే, "రాత్రి అంత బాగా ఉన్నావు. తెల్లారేసరికి ఏటయిపోతాది నీకు?" అంటాడు. కోపంతో కాదు, నిజంగానే అర్థం కాక అడుగుతాడు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. జ్వరం ఉంటే చెయ్యి పెట్టి చూడమందును. దీన్ని ఎక్కడ పెట్టి చూపించను?

చివరికి శ్రీకాకుళంలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. ఈ దిగులు జబ్బు కొందరికి పొద్దున్నే ఎక్కువగా ఉంటుందని, అది నా నటన కాదని ఆయన అన్నప్పుడు కుర్చీలో కూర్చునే ఏడ్చేశాను. రాత్రి వేసుకోమని మాత్ర రాశాడు. "ఇది పూర్తిగా పోతుందాండీ?" అని అడిగాను. నాకు కావలసిన జవాబు అదొక్కటే. ఆయన "మందు మాత్రం మానకండి" అన్నాడు. అడిగిందానికి అది జవాబు కాదని మా ఇద్దరికీ తెలుసు.

మాత్రతో బాగైపోలేదు గానీ లేవగలిగేదాన్ని. ఆలస్యంగా, మత్తుగా, తూలుతూ, ఎలాగో లేచేదాన్ని.

అప్పుడు అమ్మ వచ్చింది. రామతీర్థం దగ్గర మాకు కొద్దిగా మెట్ట భూమి. అమ్మ జన్మంతా అక్కడే గోగు, మేం చోడి అనే రాగి పండించింది. నాన్న పోయాక చేను కౌలుకిచ్చి నా దగ్గర ఉండటానికి వచ్చింది. చిన్నప్పుడు మేం లేచేసరికి అమ్మ చేనుకి వెళ్ళిపోయి ఉండేది. ఏ రోజైనా ఇంట్లో ఉన్నా, పొద్దున్న నోరు విప్పేది కాదు. ఏదైనా అడిగితే కసిరేది. "అమ్మకి ఇంకా ఎండెక్కలేదు" అని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఎండ బారెడు ఎక్కాక చేను దగ్గరికి అంబలి పట్టుకెళ్తే, అప్పుడు మామూలుగా మాట్లాడేది. ఆదివారాలు ఉప్పు తినేది కాదు. అన్నం, కూర, అన్నీ చప్పిడివే. రైతు ఇంట్లో సూర్యుడికి మొక్కుకోవడం మామూలే కాబట్టి ఎందుకని ఎవరం అడగలేదు.

వచ్చిన వారానికే నా పొద్దుటి అవస్థ చూసింది. మా ఆయనలా ప్రశ్నలు వేయలేదు.

"నీది మనుసులికి అవుపించే రోగం కాదే. ఆ సామికి అవుపిస్తాది" అంది. "ఏడు ఆదివారాలు చప్పిడి ఉండి, పొద్దు పొడవకముందు గుడికాడ నిలబడు. పోతాది."

"పోతుందా?"

"పోతాదని సెప్తన్నాను కదా."

డాక్టరు ఇవ్వలేని జవాబు అమ్మ చిటికెలో ఇచ్చేసింది. మునిగిపోయేవాడు గడ్డిపరకైనా పట్టుకుంటాడు. నేను అమ్మని పట్టుకున్నాను. కానీ మాత్ర వేసుకుంటే తెల్లారగట్ల లేవలేను. మొక్కంటే పొద్దుకంటే ముందు లేవాలి. అందుకని మాత్ర మానేశాను. మా ఆయనకి చెప్పలేదు. అమ్మకి చెప్తే, "దేవుడి పనిలో ఉన్నప్పుడు ఇంగ్లీసు మందెందుకు?" అంది.

ఉప్పు విషయంలో అమ్మ పోలీసే. ఆదివారం ఊరగాయ జాడీలు అటక మీదికెక్కేవి. ఒకనాడు నా చేతిలో పేస్టు లాక్కుంది. "దీంట్లో ఉప్పుంటాదట, టీవీలో సెప్తన్నాడు" అని వేపపుల్ల చేతిలో పెట్టింది. నాకు నవ్వొచ్చింది. చాలా నెలల తర్వాత పొద్దున్న పూట వచ్చిన నవ్వు అది, అందుకే గుర్తుంది. మొదటి వారాల్లో నిజంగానే తగ్గుతోందనుకున్నాను. మత్తు లేదు, రాత్రి ఎప్పుడు చూసినా మెలకువే. నిద్ర లేకుండా పోవడాన్ని జబ్బు పోవడం అనుకున్నాం ఇద్దరం.

నాలుగో ఆదివారం అమ్మతో కలిసి క్యూలో నిలబడ్డాను. వరస కదిలింది, నేను కదలలేకపోయాను. చెప్పుల స్టాండు పక్కన కూలబడ్డాను. చుట్టూ జనం తూర్పుకి తిరిగి చేతులు జోడిస్తున్నారు. నేను మాత్రం ఆ వెలుతురు నా మీద పడకూడదని చెంగు ముఖానికి చుట్టుకున్నాను. బతకడం ఇక నా వల్ల కాదనిపించింది. ఆ మాట పైకే అన్నాను. అమ్మ విన్నది.

ఆటోలో ఇంటికి తెచ్చింది అమ్మే. మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, ఆ బట్టలతోనే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. సంగతి విని డాక్టరు తల పట్టుకున్నాడు. మందు అలా ఒక్కసారిగా ఆపకూడదని గట్టిగా కేకలేశాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. మాత్రలు మా ఆయన తన దగ్గరే పెట్టుకుని రోజూ చేతికిచ్చేవాడు. "ఏటయిపోతాది" అని అడగడం మానేశాడు. అడిగినప్పుడే నయమనిపించింది నాకు. ఇప్పుడు భయపడుతున్నాడు.

బడికి సెలవు పెట్టాను. అలాంటి ఒక పొద్దున్న, నేను వీధి గుమ్మంలో మెట్టు మీద కూర్చుని ఉంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నీకు ఏటవుతాదో నాకు సరిగ్గా సెప్పు" అంది. అంతవరకు అడగలేదు మరి.

చెప్పాను. గుండె దడ, చెయ్యని తప్పుకి శిక్ష పడబోతున్నట్టుండటం. మధ్యలోనే అమ్మ అందుకుంది.

"పక్కమీంచి లెగబుద్దవదు. ఎవలైనా పలకరిస్తే సంపేయాలనుంటాది. పొద్దు నడినెత్తికొస్తే గానీ ఊపిరాడదు. అంతేనా?"

నేను అమ్మ ముఖం చూశాను. ఇవేవీ నేను చెప్పలేదు.

"నీకెలా తెలుసు?"

అమ్మ రోడ్డు వైపు చూస్తోంది. "మీ అన్న పుట్టినకాడి నుంచీ ఉన్నాది నాకు. మందుంటాదని ఎవలెరుగుదురు? సేనుకి బేగి ఎలిపోయేదాన్ని, మీకు నా మొహం సూపించకూడదని. మీ అమ్మమ్మే ఆదివారం ఉప్పు మానీమంది."

"మరి పోలేదా?"

"ఓ పాలి, ఆరో ఆదివారం, సేలో ఆకలికి ఆగలేక ఉప్పుకల్లు నంచుకుని అంబలి తాగీసాను. అందుకే నాకు పోనేదనుకున్నాను. ఆ తరవాత ఒక్క వారం తప్పనేదు. నువ్వు తప్పు సెయ్యకుండా కాసుకుంటే నీకైనా పోతాది గావాలని..."

పేస్టు లాక్కున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక ఉప్పురాయి కోసం తనని తాను తప్పుపట్టుకుంటూ ఒక మనిషి ముసలిదైపోయింది. మేం ఆమె పొద్దుటి అవస్థని చూసి నవ్వుకున్నాం.

"ఇప్పుడూ ఉందా అమ్మా?"

"ఈయాల కూడా ఉన్నాది" అంది.

డాక్టరు దగ్గరికి రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. కాటికి కాళ్ళు చాపుకున్నదానికి మందేటి, నువ్వు ఏసుకో, అని నోరు మూయించింది. నేను వేసుకుంటున్నాను. బడికి మళ్ళీ వెళ్తున్నాను, ఫోనుకి కళ్ళు ఆర్పి చూపిస్తున్నాను. ఇది పూర్తిగా పోతుందా అని డాక్టర్ని మళ్ళీ అడగలేదు. అమ్మని చూశాక అడగాల్సిన పని లేదిప్పుడు.

ఆదివారాలు బడి లేదు కాబట్టి ఇద్దరం మెట్టు మీదే కూర్చుంటాం. గుడికి పోయే ఆటోలు మా ముందు నుంచే పోతాయి. అమ్మ చేతిలో అంబలి గ్లాసు ఉంటుంది. అందులో ఇప్పటికీ ఉప్పు వేసుకోదు. ఎదురింటి గోడ మీదికి వెలుగు వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోం.

"ఎండెక్కిందా అమ్మా?" అని అడుగుతాను అప్పుడు.

"ఇంకా నేదే" అంటుంది.