మోచేతి ఎత్తులో స్విచ్చు

మేము అద్దెకున్న ఇంట్లో చీకటి పడే వేళ సూర్యుడి చేతిలో ఉండేది కాదు, ఇంటాయన చేతిలో ఉండేది. మదనపల్లెలో అప్పట్లో చాలా ఇళ్ళకు మెయిన్ స్విచ్చు యజమాని వాటాలోనే ఉండేది. మా ఇంటాయన రోజూ రేడియోలో రాత్రి వార్తలు వినేవాడు. అవి అయిపోగానే కుర్చీ మీద నుంచి లేచి, తలుపు పక్కన భుజం ఎత్తులో ఉన్న స్విచ్చును చూడకుండానే మీటేవాడు. దేశంలో పరిస్థితి ఎలా ఉన్నా, వార్తల తర్వాత మా వాటాలో మాత్రం చీకటే.

ఆయన చెడ్డవాడు కాదు. పండక్కి బొబ్బట్లు పంపేవాడు. అయితే అవి కూడా వార్తలకు ముందే తినాలి.

నాయన బస్సు కండక్టరు. పొద్దుకుంగాక డ్యూటీ దిగి వస్తే అమ్మ అప్పుడు రెండు చేతులా కట్టె పట్టి రాగిసంగటి గెలికేది. గోడ అవతల వార్తలు చదివే ఆయన గొంతు ముగింపుకొచ్చిందంటే, ఇవతల అమ్మ చేతులు పరుగెత్తేవి. చాలాసార్లు వార్తలే గెలిచేవి. చీకట్లో నేను మా నాయన చెంబులో నీళ్ళు తాగేసేవాణ్ణి. అంతకు మించిన విషాదం మా ఇంట్లో ఏదీ జరగలేదు. కానీ ఒకనాడు కట్టె చేతిలో పట్టుకుని, సగం ఉడికిన సంగటి ముందు కూర్చుని, ఆ చీకట్లో అమ్మ అన్న మాట మాత్రం నాకు గుర్తుంది.

"మనమంటూ ఒక ఇల్లు కడితే, నా లైటు మీద ఇంకోరి చెయ్యి ఉండకూడదు."

అమ్మా నాయనా ఇద్దరూ కురబలకోట దగ్గర కూలి చేసుకునే ఇళ్ళలో పుట్టినవాళ్ళు. నెల జీతం ముఖం చూసిన మొదటి మనిషి మా నాయన. అందుకే ఊరి చివర మా ఇంటి గోడలు లేస్తుంటే, ఆయన డ్యూటీ దిగినప్పుడల్లా పోయి ఒక్కో గోడనూ తట్టి చూసి వచ్చేవాడు. గోడలు పారిపోతాయని అనుమానమేమో అని నేను అనేవాణ్ణి. డిగ్రీ చదువుతున్నవాడి మాటకు ఇంట్లో ఎంత విలువ ఉంటుందో దానికీ అంతే ఉండేది.

కరెంటు పని దగ్గర పడ్డాక స్విచ్చుల వేట మొదలైంది. నాయన డ్యూటీ పుంగనూరు మీదుగా కుప్పం వరకూ. దారిలో ఏ ఊళ్ళో బస్సు ఆగినా, జనం టీ తాగేలోపు ఆయన ఎలక్ట్రికల్ షాపుకు పోయి ఒక స్విచ్చు మాదిరికి తెచ్చేవాడు. టికెట్ల సంచిలోంచి వాటిని తీసి మంచం మీద వరుసగా పేర్చేవాడు. మదనపల్లెది నల్లగా, గుండ్రంగా, మధ్యలో బుడిపెతో ఉండేది. పుంగనూరుదీ అదే, కాకపోతే తెల్లన. పిల్లనిచ్చే ఇంటివాళ్ళలా మేమందరం వాటి చుట్టూ కూర్చునేవాళ్ళం.

అమ్మ చూపు వేరు. ఆమె స్విచ్చును గోడకు ఆనించి పట్టుకోమని నాతో చెప్పేది. రెండు చేతులూ ముందుకు చాచి, కట్టె పట్టుకున్నట్టు పిడికిళ్ళు బిగించి, మోచేత్తో బుడిపెను పొడిచేది. బుడిపె కదిలేది కాదు. నా వేళ్ళు కదిలేవి.

"ఇది పనికి రాదు."

"స్విచ్చును మోచేత్తో ఎవురు ఏస్తారే?" అనేవాడు నాయన.

"చేతులకు పనుండే వాళ్ళు."

చివరికి ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని అమ్మే కుప్పం బయలుదేరింది. ఆ బస్సులో నాయనే కండక్టరు. సొంత పెళ్ళానికి టికెట్ కొట్టి చేతిలో పెట్టి, "చిల్లర ఉంచుకోవల్లమ్మా" అని కూడా అన్నాడు. దారంతా అమ్మ ఆయన్ను ఎరగనట్టే కూర్చుంది.

కుప్పం షాపులో బెంగుళూరు సరుకు ఉండేది. షాపాయన అక్కడ చదునుగా ఉన్న తెల్ల స్విచ్చు ఒకటి తీశాడు. పియానో టైపు అన్నాడు. మాకెవరికీ పియానో ఎలా ఉంటుందో తెలియదు. తెలిసినట్టు ముగ్గురం తలలూపాం. అమ్మ దాన్ని గల్లాపెట్టె పక్కన నిలబెట్టించి, పిడికిళ్ళు బిగించి, మోచేత్తో నొక్కింది. టక్కుమని పడింది. మళ్ళీ నొక్కింది. టక్కుమని లేచింది.

షాపాయన నవ్వాడు. "ఏమ్మా, లైటు ఏసేదానికి కుస్తీ పట్టల్లా?"

"సంగటి గెలికేటప్పుడు నీ చేతులు యాడుంటాయప్పా?"

"మా ఇంట్లో నేను గెలకను గదమ్మా."

"అయితే నీకు తెలీదులే. ఇట్లాంటివే ఇంటికంతా కట్టు."

స్విచ్చులొచ్చాయి. వైరింగ్ చేయడానికి, ఊరంతా భాయ్ అని పిలిచే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మనిషి నిట్రాట అంత పొడుగు. బోర్డుకు గోడ మీద బొగ్గుతో గీత గీశాడు.

"అంత ఎత్తున యాల భాయ్?" అంది అమ్మ.

"భుజం ఎత్తులోనే కొట్టేదమ్మా. ఊరంతా అంతే."

"ఎవురి భుజం?"

భాయ్ తన భుజం చూసుకున్నాడు. అమ్మ పోయి ఆ గీత పక్కన నిలబడింది. గీత ఆమె నడినెత్తి మీదుగా పోయింది.

"పనైనాక నీ భుజం ఈ ఇంట్లో ఉంటాదా భాయ్?"

"అరే, లేదమ్మా," అని నవ్వి, భాయ్ అరచేత్తో గీత తుడిచేసి, అమ్మ మోచేతి దగ్గర కొత్తది గీశాడు.

అసలు గొడవ మధ్యాహ్నం వచ్చింది. నాయన ఒక పెద్ద టేకు చెక్కను మోసుకుని దిగాడు.

"భాయ్, అన్ని స్విచ్చులూ దీని మీదనే. బస్సులో డ్రైవరు ముందర ఉంటాయి సూడు, అట్లా. నా మంచం తలాపున కొట్టు. పండుకోనే ఇల్లంతా కంట్రోలు చేయొచ్చు."

"వంటింట్లో లైటు కూడానా?" అంది అమ్మ.

"అదీ ఈడనే."

"నేను ఆడ ఉండగా నువ్వు ఆర్పితే?"

"నువ్వుండగా నేనెందుకు ఆర్పుతానే?"

"ఆ ఇంటాయన కూడా మొదట్లో అట్లే అనుకోనుంటాడు."

భాయ్ సుత్తిని చెక్క మీద పెట్టి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇలాంటప్పుడు నా నోరు ఊరుకోదు.

"నాయనా, రేడియో కూడా తలాపునే పెట్టుకో. వార్తలు అయిపోయేది తెలియాలి గదా," అన్నాను.

నాయన నా వైపు చూశాడు. బస్సులో టికెట్ లేనివాణ్ణి చూసే చూపు అది. కానీ మాట భాయ్‌తోనే అన్నాడు. "ఏ గదిది ఆ గదిలోనే కొట్టు భాయ్. మెయిన్ మాత్రం వంటింటి తలుపు పక్కన పెట్టు."

ఆ పెద్ద చెక్క మీద అమ్మ తర్వాత చాలా ఏళ్ళు చపాతీలు ఒత్తింది.

ఆయన ముఖం చిన్నబోయిందని భాయ్ ఒక ఉపాయం చెప్పాడు. ఇంటి పక్కనుంచి మిద్దె మీది గదికి మెట్లున్నాయి కదా, వాటికి కింద ఒకటీ పైన ఒకటీ టూవే స్విచ్చులు పెడతానన్నాడు. కింద వేసి ఎక్కొచ్చు, పైన ఆర్పుకోవచ్చు. ఆ వీధిలో అలాంటిది ఇంకెవరికీ లేదు. ఇంట్లో చేరిన వారమంతా నాయన చుట్టాలను మెట్లు ఎక్కించి దించాడు. మోకాళ్ళ నొప్పులున్న మా పెద్దమ్మను కూడా వదల్లేదు.

అయితే నాయనకు ఒక పద్ధతుండేది. ఊరికి పోతే ప్రతి స్విచ్చూ పైకి ఉందో లేదో చూసి మరీ తాళం వేసేవాడు. పైకి ఉంటే ఆరినట్టు, కిందికి ఉంటే వెలిగినట్టు. పుంగనూరులో పెళ్ళికి బయలుదేరినప్పుడు మెట్ల కింది స్విచ్చు కిందికి ఉండటం చూశాడు. "ఎవురో ఆర్పకుండా వదిలేసినారు," అని మమ్మల్ని తిట్టి, దాన్ని పైకెత్తాడు. టూవే స్విచ్చుకు ఈ నీతి తెలియదు; అది ఎటున్నా, రెండోదాన్ని బట్టే లైటు వెలగడం, ఆరడం. అంతవరకూ ఆరి ఉన్న లైటు వెలిగింది. పట్టపగలు, మెట్ల మలుపులో. ఎవరూ తలెత్తి చూడలేదు.

పెళ్ళి ముగించుకుని తిరిగొచ్చిన సాయంత్రం, రోజూ మా వీధి మీదుగా షికారు పోయే పాత ఇంటాయన మా గుమ్మంలో ఉన్నాడు.

"ఏమప్పా, మీరు పోయినకాడ్నించి ఆ మెట్లకాడ లైటు ఎలగతానే ఉండాది. ఆర్పేది తెలీదా?"

అసలు సంగతి చెప్పడానికి నేను ఉత్సాహంగా నోరు తెరిచాను. అమ్మ అందులో పెళ్ళి లడ్డు పెట్టింది.

నాయన గొంతు సవరించుకున్నాడు. "తెలుసన్నా. ఆర్పేది మా చేతిలోనే ఉండాది గదా, తొందరేముందిలే అనుకున్నాం. రా, కూర్చో."

అబద్ధమే. కానీ మా నాయన అంత బాగా నిలబడి మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు.

తలుపు పక్కన కుర్చీ వేశాం. కాఫీ ఇచ్చాం. రేడియో పెట్టాం. ఇంటాయన ఇల్లంతా కలియజూసి, "బాగా కట్టినావప్పా," అన్నాడు, మనస్ఫూర్తిగానే. అమ్మ వంటింట్లో సంగటికి కూర్చుంది. వార్తలు అయిపోయాయి. "ఇంక పోయొస్తా," అని ఇంటాయన లేచాడు. లేస్తూనే ఆయన కుడిచెయ్యి తనంతట తానే పైకి పోయి, తలుపు పక్కన భుజం ఎత్తులో గోడను తడిమింది. అక్కడ సున్నం తప్ప ఏమీ లేదు. చెయ్యి ఒకసారి అటూ ఒకసారి ఇటూ వెతికింది. తర్వాత ఆయనకే తెలిసొచ్చి, వేళ్ళకు అంటిన సున్నాన్ని పంచెకు తుడుచుకున్నాడు.

వంటింటి తలుపులోంచి అమ్మతో సహా ముగ్గురం చూశాం. నాలుక చివరికి ఒక మాట వచ్చింది గానీ, అమ్మ పెట్టిన లడ్డు గుర్తొచ్చి మింగేశాను.

అమ్మ సంగటి కట్టె చేతిలోనే పట్టుకుని వచ్చింది. చేతులు రెండూ పిండే. వాకిలి దగ్గర ఆగి మోచేత్తో టక్కుమని నొక్కింది. బయట అరుగు, గేటు, సందు మలుపు దాకా వెలుగు పడింది.

"రాళ్ళుండాయన్నా, సూసి పో," అంది.

ఆయన గేటు దాటాడు. నాయన స్విచ్చు వైపు చెయ్యి చాచి, మధ్యలోనే ఆపి, అమ్మను అడిగాడు.

"ఆర్పేద్దునా?"

"ఉండు. ఆయప్ప సందు దాటనీ."