నూకన్న మిస్సయిన కబురు

భీమిలి దగ్గరి పల్లె నుంచి, పెళ్లయిన ఏడాదికే కామమ్మ మొగుడు నూకన్నతో అండమాన్ వచ్చింది. హోప్ టౌన్‌లో కాపురం. అతను చేపల వేటకు వెళ్లేవాడు. ఆమె చేపలు ఎండబెట్టి, పడవ మీద అవతలికి దాటి పోర్ట్ బ్లెయిర్ బజారులో అమ్మేది. హిందీ ఆ బజారులోనే వచ్చేసింది. ఇంగ్లిషులో తెలిసిన మాటలు తక్కువ. వాటిలో ‘మిస్’ ఒకటి. బడిపిల్లలు శాంతకుమారి పంతులమ్మను అలా పిలుస్తారు.

పంతొమ్మిది వందల అరవై మూడు వానాకాలంలో నూకన్న ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్ వెళ్లాడు. అక్కడ సర్కారు పొలం దొరికిన బావమరిది జోగులును చూసి, తిరుగు ఓడలో వచ్చేస్తానన్నాడు. ఓడ వచ్చింది. చివరి మనిషి దిగేదాకా కామమ్మ పోర్ట్ బ్లెయిర్ జెట్టీ మీద నిలబడింది. నూకన్న దిగలేదు. ఉత్తరాన ఒక నాటుపడవ బోల్తాపడిందని ఆ వారమే అందరూ చెప్పుకుంటున్నారు. జెట్టీ గుమాస్తా వైర్‌లెస్‌లో అడిగించి, మర్నాడు ఆమెకు కబురు చెప్పాడు.

“దీదీ, నూకన్న మిస్ హో గయా. అంతే ఖబర్.”

చెప్పి పనిలో పడ్డాడు.

కామమ్మ ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే పొరుగింటి గురువమ్మ గొల్లుమంది. వేటకెళ్లి మళ్లీ రాని తన తమ్ముడి గురించీ అప్పుడు ‘మిస్’ అనే చెప్పారట. ఇరుగుపొరుగు చేరారు. గాజులు తియ్యమని ఎవరో అన్నారు.

“తియ్యను. ఆ మాటేటో ముందు తెలుసుకోనీండి,” అని కామమ్మ బడికి నడిచింది.

పంతులమ్మ అంతా వింది.

“దానికి ఒక్క అర్థం కాదు కామమ్మా. మనిషి కనబడకపోయినా మిస్సే. గురి తప్పినా మిస్సే. బండి అందకపోయినా మిస్సే. మనిషి దగ్గర లేక బెంగపడినా అదే మాట.”

“మావోడికి ఏది టీచరమ్మా?”

“వాళ్లన్న మాట మొత్తం వింటేగాని చెప్పలేను. పద.”

ఇద్దరూ పడవెక్కి జెట్టీకి వెళ్లారు. గుమాస్తా తల గోక్కున్నాడు.

“మిస్డ్ ద బోట్ అన్నారు మేడమ్. అతను ఓడ అందుకోలేదని.”

“ఓడ సంగతి ఈమెతో చెప్పావా?”

“అర్థమైపోయుంటుందనుకున్నా.”

“బతికున్నాడా బాబూ?” అంది కామమ్మ.

“ఆయనే అక్కడి రేవుకొచ్చి ఇంకో ఓడ ఎప్పుడని అడిగాడట దీదీ.”

ఆమె ఉన్నచోటే కూలబడింది. ఏడుపు అప్పుడు వచ్చింది. పంతులమ్మ పక్కనే కూర్చుంది.

తర్వాతి ఓడలో నూకన్న బియ్యం సంచితో దిగాడు. వాగు పొంగి, దాటేసరికి ఓడ వెళ్లిపోయిందట. జనం చూస్తుండగానే కామమ్మ అతన్ని నోరారా తిట్టింది. అతను తలొంచుకుని విన్నాడు.

మరుసటేడు అతను మళ్లీ డిగ్లీపూర్ బయలుదేరితే తానూ ఓడ ఎక్కింది. జోగులు పొలం పక్కనే పాక వేసుకుని ఉండిపోయారు. అక్కడి రైతులకు ఎండుచేపలమ్మి, ముగ్గురు పిల్లల్ని పెంచింది.