అన్నకు వానకోటు కొన్న ఏడు

మా వైపు వానకోటు కొంటున్నానని చెబితే ముందు నవ్వుతారు. నవ్వయ్యాక, "యాడికి పోతాండావప్పా, మలనాడుకా?" అని అడుగుతారు. మలనాడంటే మాకు పడమట, ఏడాదిలో సగం వాన కురిసే కొండసీమ. మాది వాన కోసం ఆకాశం వైపు చూసే నేల. వాన నుంచి తప్పించుకోవాలన్న ఆలోచన మా వాళ్ళకు సులభంగా రాదు. అయినా ఆ ఏడు మా అన్నకు ఒక మంచి వానకోటు కావలసి వచ్చింది. అది లేకపోతే ఆయనను ఏటి ఒడ్డుకు పోనివ్వడానికి లేదు. ఏటి ఒడ్డుకు పోకుండా ఆయన బతకలేడని ఇంట్లో అందరికీ తెలుసు.

కర్నూలుకు ఎగువన తుంగభద్ర ఒడ్డున మా ఊరు. అన్న సేద్యం చేసేవాడు. జొన్న, పత్తి పండించుకునే కుటుంబం. ఆయనకు చిన్నప్పటి నుంచీ గాలం పిచ్చి. పడమటి దేశంలో కురిసిన వానకు ఏట్లో కొత్తనీరు ఎర్రగా వచ్చి, మా దగ్గర కూడా ముసురు పట్టిందంటే ఆయన పొలంలో కనిపించడు. ఒడ్డున ఒక రాతిగుండు మీద వెదురు కట్టె పట్టుకొని కూర్చునేవాడు. చినుకు పడుతున్నప్పుడే వాలుగ చేప ఎరకు వస్తుందని ఆయన నమ్మకం.

"పొలముండేవానికి ఎర్రలు తవ్వే ఖర్మేమప్పా?" అని పెద్దలు ఎత్తిపొడిచేవారు.

"ఎర్రలు తవ్వితే గదా చిన్నాయనా పొలం గుల్లయ్యేది. నీకు సేద్యం గూడ తెలీదే" అనేవాడు అన్న.

అంతకు ముందటి ఏడు ముసురులో పొద్దంతా అలా తడిసి, జ్వరంతో ఇంటికి వచ్చాడు. జ్వరం రొమ్ముకు దిగింది. బండి మీద కర్నూలు పెద్దాసుపత్రికి తెచ్చాము. నేను అప్పటికే ఆ ఊళ్ళో పత్రికకు వార్తలు రాస్తూ ఉండేవాణ్ణి. ఆసుపత్రి వరండాలో వదిన, నేను వంతులవారీగా కూర్చున్నాము. మనిషి లేచాడు. కాని డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచి, ఊపిరితిత్తి ఒకటి సగం పాడయిందని, ఇంకోసారి అలా తడిస్తే తన చేతిలో ఏమీ ఉండదని చెప్పాడు.

వదిన కడప వైపు పిల్ల. నలుగురి ఎదుట భర్తతో నేరుగా మాట్లాడేది కాదు. చెప్పదలచిన మాట నాకు చెప్పేది. అన్న పక్కనే ఉన్నా నావైపు చూసి చెప్పేది.

"అబ్బీ, మీ అన్నకు ఏరు మాన్పిస్తే మనిషి ఉండడు. తడిస్తేనూ ఉండడు. తడవకుండా ఏటికాడ కూచునే ఉపాయం ఏమన్నా సూడు. అది దొరికిన పొద్దు పోనిస్తా. అంతదాకా పోనియ్యను."

"మీ వదినకు చెప్పు, సరేనని" అన్నాడు అన్న, నావైపే చూస్తూ.

ఆషాఢంలో ఆయన కర్నూలుకు వచ్చాడు. ఊరు అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఎక్కడ చూసినా డేరాలు, కొత్త ఆఫీసులు, కొత్త దుకాణాలు. ఎండ మాత్రం పాతదే. ఆ ఎండలో ఇద్దరమూ వానకోటు వెతుక్కుంటూ తిరిగాము.

ముందు గొంగడి చూశాము. పడమటి పల్లెల నుంచి నేసి తెచ్చిన ఒకాయన రోడ్డు పక్క పరుచుకొని కూర్చున్నాడు.

"ఇది కప్పుకుంటే ఇంద్రుడు గూడ మూడు దినాలు కురిసి అలిసిపోవాలప్పా" అన్నాడు.

"మూడు దినాలు కురిసింది నువ్వు యాడ సూసినావు?"

"నేను సూడలే. మా తాత సూసినాడంట."

అన్న గొంగడిని కొప్పెలాగా తలమీద వేసుకొని, రోడ్డు పక్కనే గొంతుక్కూర్చొని, గాలం పట్టినట్టు కుడిచెయ్యి ముందుకు చాచాడు. కొప్పె వెనక్కి జారింది. ఎడమచేత్తో గొంతు దగ్గర పట్టుకుంటే నిలిచింది.

"ఒక చెయ్యి గొంతుకాడ పెట్టుకొని ఒంటిచేత్తో వాలుగను యాడ లాగేదప్పా?" అని తీసి ఇచ్చాడు. పైగా తడిసిన గొంగడి బరువు మా ఇద్దరికీ తెలుసు. రెండు వీధులు నడిచేసరికే ఆయనకు ఆయాసం వస్తోంది.

కొత్త ఆఫీసర్ల కోసం పెట్టిన ఒక దుకాణంలో మెత్తటి గుడ్డ వానకోట్లు ఉన్నాయి. అన్న ఒకటి తొడుక్కొని, మళ్ళీ గొంతుక్కూర్చున్నాడు. దుకాణం గుమాస్తా కంగారుపడ్డాడు. కూర్చోగానే కోటు ముందు భాగం రెండుగా విడిపోయి మోకాళ్ళు, ఒడి బయటపడ్డాయి. చెయ్యి చాపితే కోటు చెయ్యి మోచేతి దాకా జారింది. గాలం ఎత్తి పట్టుకున్నవాడికి నీళ్ళు మణికట్టు మీదుగా చంకలోకి కారతాయి. అక్కడి నుంచి రొమ్ముకు ఎంతో దూరం లేదు.

"ఇది నిలబడి ఫైలు పట్టుకునేవానికి కుట్టినారు. కూచునేవానికి కాదు" అన్నాడు అన్న.

చివరకు యుద్ధకాలపు మిలిటరీ సామాను అమ్మే ఒక సాయిబు దుకాణానికి పోయాము. ఆయన అడుగున ఉన్న మూట లాగి రబ్బరు పూసిన జోడు ఒకటి తీశాడు. కోటు, దానితో పాటు కాళ్ళకు లాగు.

"ఆవో అన్నా. ఫట్‌ఫటీ, అదే మోటారు సైకిలు, నడిపేటోళ్ళ జోడు ఇది."

"యుద్ధంలో సచ్చినోనిదేమో?"

"సచ్చినోనిదైతే చిల్లు ఉండాల గదన్నా. సూడు, యాడన్నా ఉండాదా?"

చిల్లు లేదు. మణికట్టు దగ్గర బిగించుకునే పట్టీలు ఉన్నాయి. మెడ చుట్టూ ఎత్తుగా లేచే పట్టీ ఉంది. తలకు వేరే టోపీ. చెవులు కప్పే ముసుగు లేకపోవడం అన్నకు నచ్చింది. ఎగువన నీళ్ళు పెరిగితే కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది, చెవులు మూసుకొని ఏటి దగ్గర కూర్చోకూడదు అన్నాడు. లాగు మాత్రం తొడుక్కోనన్నాడు. పంచె కట్టే మనిషి. ఊళ్ళో దొరబాబు అంటారని భయం. ఒడి తడిస్తే రొమ్ము తడిసినట్టేనని నేను గట్టిగా చెప్పాక, పంచె మీదనే తొడుక్కున్నాడు. సాయిబు పెరట్లో చెంబుతో నీళ్ళు పోస్తే ఒక్క చుక్క లోపలికి పోలేదు.

"ఉడికిపోతాండానురా" అన్నాడు. కాని ముఖంలో చాలా నెలల తర్వాత వెలుగు కనిపించింది.

ఊరికి తెచ్చాక, ఆ చెంబు పరీక్ష వదినకు చాలలేదు. ఆమె పుట్టింట్లో బావి సేద్యం. ఎద్దులతో నీళ్ళు తోడే కపిల ఉండేది. కొత్త తోలు సంచి తెచ్చినప్పుడల్లా వాళ్ళ నాయన దాన్ని నీళ్ళతో నింపి, పొద్దంతా వేలాడదీసి, కింద నేల తడవకపోతేనే బావికి కట్టేవాడట. వదిన అదే చేసింది. కోటు నాలుగు కొనలూ పందిరి గుంజలకు కట్టి, చేతుల చివర్లు తాళ్ళతో బిగించి, బిందెలతో నీళ్ళు పోసింది. లాగు కాళ్ళు అడుగున కట్టి, నడుము పట్టీ పైన వేలాడదీసి నింపింది. రెండు కాళ్ళూ ఉబ్బి, నిలబడిన మనిషిలా ఊగుతుంటే పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏమ్మే, ఏ పోలీసాయన్ని ఉరేసినావు?"

"నువ్వు ఊరికే ఉండక్కా. ఇది నా మొగుని పానం" అంది వదిన. పక్కింటావిడ తల గోడ వెనక్కి తప్పుకుంది.

సాయంత్రానికి కింద మట్టి పొడిగానే ఉంది. వదిన ఆ మట్టిని అరచేత్తో తడిమి చూసి, "అబ్బీ, మీ అన్న పోవచ్చు" అంది.

కాని ఆ ఏడు వాన రాలేదు. కార్తెలు ఒక్కొక్కటే దాటిపోయాయి. పుబ్బ పోయింది, ఉత్తర పోయింది, హస్త కూడా పోయింది. ఎండిన చేల గురించి నేను రోజూ అవే వార్తలు రాసి పంపుతుండేవాణ్ణి. ఏట్లో నీరు పాయలుగా చీలి ఇసుకలో పోయింది. అన్న గాలం చూరులోనే ఉండిపోయింది.

వేసవి వచ్చింది. మా వైపు ఎండకు తలుపు చెక్కలు కూడా పగులుతాయి. కపిల తోలు ఎండితే పగిలిపోతుందని వాళ్ళ పుట్టింట్లో దానికి కానుగ నూనె రుద్ది, నీడన పెట్టేవారు. వదిన వానకోటును కూడా గాదె పక్కన చీకట్లో ఒక దండేనికి వేలాడదీసి, పాత చీర కప్పి, అప్పుడప్పుడూ కానుగ నూనె రుద్దుతూ వచ్చింది. నేను ఊరికి పోయినప్పుడు చూశాను. నల్లగా నిగనిగలాడుతోంది. కొత్తదానికంటే బాగుందనుకున్నాను. రబ్బరుకు నూనె పడదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అంతకు ముందు మా ఇంట్లో రబ్బరు వస్తువంటూ లేదు.

మరుసటి ఏడు వినాయక చవితికి నేను ఊళ్ళో ఉండగా ముసురు పట్టింది. రాత్రి మొదలైన చినుకు తెల్లవారినా ఆగలేదు. ఏటి హోరు ఇంట్లోకి వినిపిస్తోంది. అన్న అప్పటికే ఎర్రలు తవ్వి చిప్పలో వేసుకొని అరుగు మీద కూర్చున్నాడు. వదిన లోపలికి పోయి కోటు తెచ్చింది.

తెచ్చినప్పుడే ఆమె నడక తేడాగా ఉంది. కోటు చేతులు కోటుకే అంటుకుపోయాయి. రబ్బరు మిగలపండిన పండులా మెత్తబడింది. వేలు పెడితే గుంట పడుతోంది. అన్న మెల్లగా ఒక చేతిని లాగాడు. పొరలాగా ఊడి వచ్చి ఆయన వేళ్ళకు అంటుకుంది. కింద ఉత్త గుడ్డ బయటపడింది. లాగు ఇంకా అధ్వానం.

"తోలుకైతే..." అని వదిన ఆగిపోయింది.

"తోలయితే ఆమె సాకినదానికి తరాలు ఉండేది" అన్నాడు అన్న. "మీ వదినకు చెప్పురా, రబ్బరు సచ్చుదని." గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఎర్రల చిప్పను పక్కకు జరిపాడు. దాని వైపు చూడలేదు. ఏటి వైపే చూస్తున్నాడు. దగ్గు వస్తే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

వదిన లోపలికి పోయి గొంగడి, పొడి గుడ్డల మూట, నిప్పులు వేసిన కుంపటి తెచ్చింది. కుంపటి మీద తాటాకు బుట్ట బోర్లించి నా చేతికిచ్చింది.

"లెయ్యి, పోదాం" అంది. అన్నతో అంది. నా ఎదుట ఆమె ఆయనతో నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

మా ఇళ్ళ ఆడవాళ్ళు గాలం దగ్గరికి పోవడమన్నది లేదు. దారిలో వాకిళ్ళలో నిలబడి జనం చూశారు. ఆమె తల వంచలేదు. గుండు మీద అన్న కూర్చుంటే ఆయన వీపు వెనక మోకాళ్ళ మీద కూర్చొని, గొంగడిని రెండు చేతులా పైకెత్తి ఇద్దరి మీదా కప్పింది. చినుకులు గొంగడి మీద నిలిచి, తర్వాత ఇంకి, దాన్ని బరువెక్కించాయి. ఆ బరువుకు ఆమె చేతులు కిందికి దిగుతూ, మళ్ళీ లేస్తున్నాయి. నేను పట్టుకుంటానంటే తల అడ్డంగా ఊపింది. అన్న రెండు చేతులూ గాలం మీదనే ఉన్నాయి.

ఏట్లో పుట్టి పడవ మీద పోతున్న ఒకాయన అరిచాడు: "అన్నా, ఈ పొద్దు నీ గాలానికి వదినె పడినట్టుండాదే!"

"ఆమె కాదప్పా, పడింది నేను" అన్నాడు అన్న, గాలపు బెండు మీద నుంచి కన్ను తీయకుండా.

పొద్దు నెత్తిమీదికి వచ్చే వేళకు వాలుగ ఒకటి పడింది. చాలా పెద్దదేమీ కాదు. ఆయన దాన్ని లాగిన తీరు మాత్రం ఒంట్లో ఏ జబ్బూ లేనివాడి తీరు. పడగానే వదిన ఆయన తల తుడిచి, పై గుడ్డ మార్చి, కుంపటి దగ్గరికి జరిపింది. రొమ్ము దగ్గర చొక్కా కొంచెం చెమ్మగా ఉంది. పూర్తిగా తడవలేదు. పూర్తిగా పొడిగానూ లేదు.

మాఘంలో దగ్గు తిరగబెట్టింది. ఎండలు ముదరక ముందే అన్న పోయాడు. ముసురులో పోయిన ఆ రోజు వల్లనేనా అని డాక్టరును అడిగాను. ఆ రొమ్ముకు ఏదైనా చాలు, ఏదీ అక్కర్లేదు అన్నాడాయన. అంతకు మించి తేల్చి చెప్పలేదు.

కర్మ రోజున అరుగు మీద బంధువులు కూర్చొని ఉన్నారు. చిన్నాయన దుఃఖంతోనే అన్నాడో, కోపంతోనే అన్నాడో, పైకి గట్టిగా అన్నాడు:

"ఆ రొమ్ముతో వాన్ని వానలోకి ఎవురు పొమ్మన్నారు?"

నేను నోరు తెరిచేలోపే లోపలి గదిలో నుంచి వదిన గొంతు వినిపించింది.

"నేనే పొమ్మంటిని, మామా. నేనూ పోతిని. ఆ మాపు ఆ వాలుగను కూర జేసి ఆయనకు పెట్టింది గూడ నేనే. శానా దినాలకు కడుపునిండా తిన్నాడు."

చిన్నాయన పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. ఆ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.