పద్మ పొట్టిదైపోయిన రోజు

ఆ రోజు పొద్దున మైలవరంలో అక్కావాళ్ళ ఇంటి ముందు ఉన్నవి: లారీ ఒకటి, అందులోకి ఎక్కాల్సిన సామాను అరవై రెండు, మా సుగుణక్క, బావ, ఏడేళ్ళ పద్మ, నాలుగేళ్ళ బుజ్జిగాడు, స్టీలు టేపు ఒకటి, జాబితా ఒకటి, ఆ జాబితా రాసిన నేను. వీటన్నిటిలోకీ ప్రమాదకరమైనది లారీ అనుకుంటున్నారేమో. కాదు. చివర రాసినదే.

అప్పటికి నేను సివిల్ డిప్లొమా పాసై మూడు నెలలు. ఉద్యోగం ఇంకా రాలేదు గానీ చీఫ్ ఇంజనీరుకు ఉండాల్సిన గీర మాత్రం ముందే వచ్చేసింది. బావకు ఇబ్రహీంపట్నంలో, కొత్తగా కడుతున్న కరెంటు కేంద్రం పనుల్లో ఉద్యోగం దొరికింది. ఇల్లు మారాలి.

"సామాను సంగతి నాకొదిలెయ్యి బావా," అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. "పిల్లల సంగతి కూడా," అని కలిపాను.

ప్రతి వస్తువు మీదా సుద్దముక్కతో నంబరు వేశాను. ఒకటి, బీరువా. రెండు, రుబ్బురోలు. అలా అరవై రెండు, చాటల కట్ట. పనికిరానివి జాబితాలోంచి కొట్టేశాను: చిల్లుబకెట్టు, మూత లేని జాడీ, ఒక మూల చిట్లిన చెక్కపీట. పీటను పక్కింటి కోటమ్మగారికి ఇచ్చేసి, మంచిపని చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అంతా సిద్ధమయ్యాక చూస్తే పద్మ వీధిగుమ్మాన్ని రెండు చేతులా కావలించుకుని నిలబడి ఉంది.

"గుమ్మం వస్తేనే నేనొస్తా."

"గుమ్మం ఇంటివాళ్ళదమ్మా. పీక్కుపోతే పోలీసులొస్తారు," అన్నాడు బావ.

"మరి నా గీతలో?"

ఆ గుమ్మం నిలువుచెక్క మీద అక్క ప్రతి పుట్టినరోజుకీ పిల్లల్ని నిలబెట్టి కత్తిమొనతో గీత గీసేది. పద్మవి ఏడు, బుజ్జివి నాలుగు. ఊరు, బడి, స్నేహితురాళ్ళు, అన్నీ వదులుకోవడానికి ఒప్పుకున్న పిల్ల ఈ ఒక్కటీ వదలనంది. "కొత్తింట్లో నేనెంత పెరిగానో ఎవరికి తెలుస్తుంది?"

"అంతేనా! గీతలు నేను తెస్తాను," అన్నాను. "వెంట్రుకవాసి తేడా రాదు. వచ్చిందంటే నువ్వు మైలవరం వెనక్కి వచ్చేద్దువుగాని. టిక్కెట్టు నేనే కొంటా."

"ఒట్టు?"

"డిప్లొమా మీద ఒట్టు."

టేపు కొస నేలకు ఆనించి పదకొండు గీతలూ కొలిచి కాగితానికెక్కించాను. పద్మ పైగీత, పావంగుళం తక్కువ నాలుగడుగులు. అక్క లోపల మూటలు కట్టుకుంటోంది. ఆవిడనొక మాట అడుగుదామని కూడా తోచలేదు. స్టీలు టేపు చేతిలో ఉన్నవాడు ఆడవాళ్ళనడగడమా!

పదింటికల్లా ఇబ్రహీంపట్నం చేరాం. కొత్తింట్లో పాలు పొంగించి అక్క పెరట్లోకి వెళ్ళింది. నేను ఇంటావిడ అనుమతి తీసుకుని పదకొండు గీతలూ గుమ్మం మీదికి పెన్సిల్‌తో దించాను. రెండుసార్లు సరిచూశాను. దేవుడి గదికి కూడా అంత శ్రద్ధగా ఎవరూ ముగ్గు వేసి ఉండరు.

"రా పద్మా, నీ గీతలొచ్చేశాయి."

పిల్ల కళ్ళు తుడుచుకుని, గుమ్మానికి వీపానించి, ఊపిరి బిగబట్టి నిలబడింది. తల మీద స్కేలు పెట్టాను. పైగీత ఎక్కడో ఆకాశంలో ఉంది. స్కేలుకు తగిలింది పోయినేడాది గీత.

వారం క్రితం ఏడు నిండిన పిల్ల, ఒక్క లారీ ప్రయాణంతో ఆరేళ్ళకు దిగిపోయింది.

"మామయ్యా, పొట్టిదాన్నైపోయానా?"

బుద్ధిమంతుడెవడైనా 'ఉండమ్మా, చూస్తాను' అంటాడు. నేను ఇంజనీరును. "కంగారు పడకు. కొత్త కట్టడం కొద్దిగా కుంగడం మామూలే. లారీ కుదుపులకు నువ్వూ కాస్త కుంగి ఉంటావు," అన్నాను.

పద్మ బావురుమంది. "అయితే నన్ను మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెడతారా?"

బుజ్జిగాణ్ణి నిలబెట్టాను. వాడూ మూడేళ్ళ గీత దగ్గర తేలాడు. వాడు మాత్రం మొహం చేటంత చేసుకుని, "నాకు పాలసీసా ఇస్తారా?" అన్నాడు.

ఇంకా కుంగిపోతానేమోనని పద్మ చాప మీద వెల్లకిలా పడుకుంది. లేవదు. నడవదు. జడలో పూలు పెడతానంటే బరువంది. ఇంతలో ఇంటావిడ పరుగున వచ్చింది.

"ఏవండీ ఇంజనీరుగారూ, మా ఇంట్లో కాలు పెడితే పొట్టివాళ్ళైపోతారని మీ బుడ్డోడు వీధంతా చెప్పొస్తున్నాడు. నేను పక్కవాటా అద్దెకిచ్చుకోవాలా వద్దా?"

ఆ కేకలకు అక్క తడిచేతులతో వచ్చింది. విషయం చెప్పాను. టేపు చూపించాను. కాగితం చూపించాను. అక్క దేన్నీ చూడలేదు.

"పీట వేశావా సూరీ?" అంది.

"ఏం పీట?"

"నీ తలకాయ పీట! పుట్టినరోజున తలంటి, పీట మీద నిలబెట్టి హారతిచ్చి, తడికాళ్ళకు మట్టంటకుండా ఆ పీటనే గుమ్మం దగ్గరికి జరిపి గదరా గీత గీసేది!"

సర్వే క్లాసులో మొదటిరోజు మొదటి పాఠం: కొలత ఎక్కణ్ణుంచి మొదలవుతుందో ముందు తేల్చుకో. ఆ సబ్జెక్టులో క్లాసు ఫస్టు నేనే.

"పోనీ అక్కా, ఆ మందానికి ఇటుకముక్క ఒకటి చూసి..."

చాప మీంచి పద్మ గొంతు వినిపించింది. "వద్దు. ఇటుకలు పెట్టి దొంగ పొడుగు చేస్తావు నువ్వు. నాకు టిక్కెట్టు కొను. డిప్లొమా మీద ఒట్టేశావు."

ఆ పిల్ల ఏడవడం లేదు. నమ్మడం మానేసింది. అది చూశాక బస్టాండుకు నడిచాను. టిక్కెట్టు కొన్నాను. పద్మకు కాదు, నాకు.

మైలవరంలో కోటమ్మగారు అరుగు మీద గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూర్చుని ఉంది. దేని మీద కూర్చుందో వేరే చెప్పాలా?

"ఏం బాబూ, ఏమన్నా మర్చిపోయారా?"

"మీరు కూర్చున్నదేనండి."

"పొద్దున పనికిరాదంటివి కదయ్యా!"

"అది లేకపోతే మా పద్మ రెండుంబావు అంగుళాలు తగ్గుతోందండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎండనపడి వచ్చావు. ముందు మజ్జిగ తాగు," అంది జాలిగా.

రెండు గ్లాసులు తాగాను. పీట చేతికొచ్చేదాకా అరుగు దిగలేదు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు, "ఏంటండీ అది?" అన్నాడు. "మా మేనకోడలి ఎత్తండి," అన్నాను. మళ్ళీ నా జోలికి రాలేదు.

ఇల్లు చేరాక అక్క పీట కడిగి, పసుపు రాసి, గుమ్మం దగ్గర వేసింది. పద్మ చాప మీంచి మెల్లగా లేచి, పీటెక్కి నిలబడింది. అక్కే స్కేలు పెట్టింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. సరిగ్గా పైగీత. వెంట్రుకవాసి తేడా లేదు.

"మళ్ళీ పెరిగాను!" అని పద్మ పీట మీదే గెంతింది.

"నిజానికి పద్మా, ఇందులోంచి పీట తీసేస్తే నీ అసలు ఎత్తు..."

"సూరీ," అంది అక్క. ఆ ఒక్క మాటే. ఆపేశాను.

పద్మ ఇంటావిడ వాటా దాకా నడుచుకుంటూ వెళ్ళి ఆవిడతో, "మీ ఇల్లు మంచిదేనండీ. మా మామయ్యలోనే ఉంది తేడా," అని చెప్పి వచ్చింది. ఆ రోజుతో ఆ ఇల్లు వాళ్ళదైంది.

ఇందుమూలంగా స్టీలు టేపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: దేని మీద నిలబెట్టారో వాళ్ళమ్మను అడగకుండా ఏ పిల్లనూ కొలవను. పిల్లలున్న ఇంట్లో ఏది పనికిరాదో నేను తేల్చను. మనుషులు కుంగుతారని ఎవరికీ చెప్పను.

జాబితా దిద్దాను. మొత్తం సామాను: అరవై మూడు.