కుడికన్ను ముందే రాయించుకున్న మనిషి

స్వార్థంగారు ఏ పని చేసినా ముందు ఒక ప్రకటన చేసేవారు. "ఇది కేవలం నా స్వార్థం కోసం చేస్తున్నా. ఎవరూ మొహమాటపడక్కర్లేదు" అనేవారు. అందుకే ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు కరెంటు బిల్లు తెచ్చే మనిషికి తప్ప వీధిలో ఎవరికీ గుర్తులేదు.

వీధి మలుపులో గుంట పడితే, ఒక ఆదివారం పొద్దున్నే గంపతో కంకర మోసుకొచ్చి పూడ్చారు. జనం మెచ్చుకోబోతే కసురుకున్నారు. "మీరు పడితే నాకేంటి? పడి దారికి అడ్డంగా ఉంటే దాటలేక నేను చావాలి!" పక్కింటాయనకి గుండెనొప్పి వస్తే మూడు రోజులు ఆసుపత్రిలో స్టూలు మీదే కూర్చున్నారు. పక్కింటావిడ కళ్లనీళ్లు పెట్టుకుని "మీ మేలు ఎలా మర్చిపోతాం అన్నయ్యగారూ" అంటే, "మేలా, పాడా! ఈయన పోతే చదరంగంలో నాతో ఓడిపోవడానికి ఇంకెవరున్నారమ్మా?" అన్నారు.

ఆయన నలభై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మెకానిక్కు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. అలాంటి మనిషి ఒకరోజు చేతిలో మాత్రల అట్టతో ప్రభుత్వ పాఠశాలలోకి ఎందుకు వచ్చారో పెద్ద టీచరుకి అర్థం కాలేదు.

"ఇక్కడ ఐదో తరగతికి భిన్నాలు చెప్పేదెవరండీ?"

"నేనేనండీ. ఏం?"

"డాక్టరు ఈ మాత్ర సగం వేసుకోమని ఒకటి బై రెండు రాశాడు. మందుల షాపాయన ఒకటిగానీ రెండుగానీ వేసుకోమన్నాడు. ఎందుకైనా మంచిదని రెండు వేసుకున్నా. మంగళవారం పడుకున్నవాణ్ణి గురువారం లేచా."

పెద్ద టీచరు నవ్వు ఆపుకుంది. "ఆయన మా బడిలో చదవలేదండీ."

"ఎక్కడో చదివాడుగా! భిన్నాలు చెప్పిన రోజు అతను బడి ఎగ్గొట్టాడు. దానికి నా బుధవారం పోయింది. చూడండి టీచరమ్మా, రేపు నాకు సూది వేసేవాళ్లు, నా ఇంటికి వైర్లు లాగేవాళ్లు, నేనెక్కే బస్సు నడిపేవాళ్లు ఇప్పుడు మీ బెంచీల మీద కూర్చుని ముక్కు తుడుచుకుంటున్నారు. వీళ్లకి చదువు అబ్బకపోతే మునిగేది నేను. కాబట్టి రేపట్నుంచి వెనక బెంచీలో కూర్చుంటా. స్వార్థం!"

రెండు రోజుల్లో విసుగొచ్చి మానేస్తారులే అనుకుని ఆవిడ సరేనంది. ఆయన ఏడాదిపాటు వచ్చారు. హాజరు పిల్లలకంటే మెరుగ్గా ఉండేది. నిజం చెప్పాలంటే టీచరుకంటే కూడా మెరుగే.

ఊరికే కూర్చునే రకం కాదాయన. ఒక నోటుపుస్తకం తెరిచి పిల్లలందర్నీ వరసగా బుక్ చేసుకోవడం మొదలుపెట్టారు. "నువ్వు నా మోకాళ్లు చూడాలి. నువ్వు మా కుళాయి. ఒరేయ్, నువ్వు బస్సు డ్రైవరువి, ఎక్కాలు రాకపోయినా ఫర్వాలేదుగానీ ఆ కిటికీలోంచి బయటికి చూడటం మానెయ్!" పేరు, పని, పని మొదలయ్యే సంవత్సరం, మూడూ రాసుకుని పిల్లల చేత సంతకం పెట్టించుకునేవారు. సంతకం పెట్టినవాళ్లు మర్నాటి నుంచి కాస్త నిటారుగా కూర్చోవడం పెద్ద టీచరు గమనించింది.

మిగిలిపోయింది కుట్టుమిషను ఆవిడ కూతురు. ఆ పిల్లకి తీసివేతలు రావు. చిన్న అంకెలోంచి పెద్ద అంకె తియ్యాల్సి వస్తే, తనకి తోచినట్టు పెద్దదాన్లోంచి చిన్నది తీసేసేది.

"ఇరవై రెండులోంచి ఏడు పోతే ఇరవై ఐదు ఎలా వచ్చిందే?" అని స్వార్థంగారు తల పట్టుకున్నారు.

"రెండులోంచి ఏడు పోదు కదా తాతయ్యా. అందుకని ఏడులోంచి రెండు పోగొట్టాను."

"పోనిదాన్ని పోగొట్టకు తల్లీ! లిఫ్టు చూశావా? కింద అంతస్తులో మనుషులు చాలకపోతే బటన్ నొక్కు. పై అంతస్తు నుంచి ఒక పది దిగుతుంది. అక్కడ లేకపోతే ఇంకా పైకి నొక్కు."

ఆ పిల్ల నాలుగు నెలలు గాల్లో బటన్లు నొక్కుతూనే ఉంది. లెక్క ఇంకా కుదరకముందే ఆయన పుస్తకంలో రాసేసుకున్నారు. కంటి డాక్టరు. నా కుడికన్ను. 2045.

అంతలో విద్యాశాఖ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లలు తగ్గారు కాబట్టి బడిని హైవే అవతలి బడిలో కలిపేస్తామని, వీధివాళ్ల అభిప్రాయం తెలుసుకోవడానికి శుక్రవారం అధికారి వస్తాడని దాని సారాంశం. స్వార్థంగారు ఉత్తరం లాక్కుని, అడుగున చీమతలకాయలంత అక్షరాల్లో ఉన్నది కూడా అద్దాల్లేకుండా గడగడా చదివేశారు. "అభ్యంతరం లేనిచో స్థలమును వాహనములు నిలుపుటకు వినియోగించవచ్చును. అదీ సంగతి!"

పెద్ద టీచరు ఆ వారమంతా సరిగా నిద్రపోలేదు. ఆ హైవే దాటించి పిల్లని పంపే ధైర్యం కుట్టుమిషను ఆవిడకి లేదు. అలాంటి ఇళ్లు పదకొండున్నాయి. బడి ఆగితే ఆ పదకొండుమంది చదువూ ఆగినట్టే.

శుక్రవారం తరగతి గదిలోనే సమావేశం జరిగింది. వీధి సంఘం అధ్యక్షుడు పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చునే మాట్లాడాడు. "మా పిల్లలెవరూ ఇక్కడ చదవట్లేదు సార్. కార్లు పెట్టుకునే చోటు లేక చస్తున్నాం. ఈ బడి మాకెందుకు?"

స్వార్థంగారు లేచారు. "నలభై ఏళ్లు లిఫ్టులతో గడిపా. ప్రతి బిల్డింగులోనూ కింద అంతస్తాయన 'నేను లిఫ్టెక్కను, నాకెందుకు' అంటాడు. ఆయన కుళాయిలో నీళ్లు ఆగిపోతే, ట్యాంకు చూడ్డానికి ప్లంబరు ఎక్కేది ఆ లిఫ్టే. మీ స్వార్థం మరీ చిన్నదయ్యా, కారు దగ్గరే ఆగిపోయింది. నాలాగా ఇరవై ఏళ్లకి సరిపడా స్వార్థం పెట్టుకోండి!" అంటూ నోటుపుస్తకం అధికారి ముందు పెట్టారు.

"పుస్తకాలదేముందండీ. పిల్లలకి ఏమైనా వచ్చా?" అన్నాడు అధ్యక్షుడు.

అధికారి పుస్తకం తిరగేసి, "కంటి డాక్టరెవరమ్మా? రా. ఈ పెద్దాయనకి నువ్వు 2045లో ఆపరేషన్ చెయ్యాలట. తాతగారూ, మీరు పుట్టిందెప్పుడు?" అన్నాడు.

"1948."

"తీసెయ్యమ్మా."

పెద్ద టీచరు మనసులోనే అంకెలు ఒకదాని కింద ఒకటి పేర్చుకుంది. అయిదులోంచి ఎనిమిది పోదు. పైన చూస్తే సున్నా కూడా ఉంది. పాత పద్ధతిలో చేస్తే తాతయ్యకి పంతొమ్మిది వందల మూడేళ్లు వచ్చి కూర్చుంటాయి. పిల్ల బోర్డు ముందు నిలబడి గాల్లో ఒక బటన్ నొక్కింది. ఆగింది. ఇంకా పైకి నొక్కింది. సున్నా దగ్గర పెదవి కొరుక్కుని, ఆఖరి అంతస్తుదాకా నొక్కింది. తర్వాత రాసింది. తొంభై ఏడు.

టీచరు చప్పట్లు కొట్టబోతుంటే పిల్ల వెనక్కి తిరిగి, "తాతయ్యా, అప్పటికి నీకు తొంభై ఏడేళ్లా?" అంది.

అధికారి మళ్లీ పుస్తకం తిరగేశాడు. మోకాళ్లు, 2044. కుళాయి, 2039. అన్నీ అలాగే ఉన్నాయి. ఏడాదిగా రోజూ చూస్తున్న ఆ పుస్తకంలో ఇంత చిన్న తీసివేత తను ఎందుకు చెయ్యలేదో పెద్ద టీచరుకి తెలియలేదు. ఆవిడకి ఆ ముసలాయన మీద పట్టరానంత ప్రేమ కలిగింది.

"ఇందులో మీ స్వార్థం ఎక్కడుందండీ?" అన్నాడు అధికారి.

"లెక్క తప్పు" అన్నారు స్వార్థంగారు, చెవులు ఎర్రబడి.

"లెక్క కరెక్టేనండీ" అంది పెద్ద టీచరు.

"అయితే మనిషన్నాక నూరేళ్లు బతకాలని ఉండకూడదా? అదీ స్వార్థమే!"

అధ్యక్షుడు బెంచీలోంచి బయటపడటానికి రెండుసార్లు ప్రయత్నించి మానేశాడు. వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "నాకప్పటికి డెబ్బై రెండు వస్తాయి. ఇప్పటికే చూపు మసగ్గా ఉంటోంది. పాపా, ఎడమకన్ను ఎవరికైనా ఇచ్చేశావా?"

"ఆహా! ఇప్పుడు అచ్చమైన స్వార్థపరుడిలా మాట్లాడావు!" అని స్వార్థంగారు వెళ్లి ఆయన వీపు చరిచారు.

ఆ సాయంత్రం బడి ఉండాలన్న కాగితం మీద మొదటి సంతకం అధ్యక్షుడిదే. అధికారి బడిని ఇంకో మూడేళ్లు కదపొద్దని రాసి వెళ్లాడు. మరుసటి వారం నుంచి వీధివాళ్లు మోకాళ్లకీ, కుళాయిలకీ, పళ్లకీ వచ్చి వరసలో నిలబడటం మొదలుపెట్టారు.

సోమవారం స్వార్థంగారు పుస్తకంలో కుడికన్ను కొట్టేసి, పిల్లని పిలిచి కొత్తగా రాశారు. రోజూ సాయంత్రం గంటసేపు నాకు పేపరు చదివి వినిపించాలి. ఈ రోజు నుంచే.

"ఇది మాత్రం శుద్ధ స్వార్థం టీచరమ్మా. అక్షరాలు అస్సలు కనబడి చావట్లేదు."

చీమతలకాయలంత అక్షరాల సంగతి పెద్ద టీచరుకి గుర్తొచ్చింది. ఆ పిల్ల చదివేటప్పుడు ఒత్తులు మింగేస్తుందని కిందటి వారం ఆయనతో అన్నదీ తనే.

"అవునండీ, వయసు మీదపడుతోంది కదా" అని ఆవిడ పేపరు తెచ్చి ఇచ్చింది.