పుట్టుకకు ఒకటి

కొడగులో ఆ కొండవాలు మీద ఇళ్లన్నీ కాఫీ తోటల మధ్య చెదిరి ఉంటాయి. మగబిడ్డ పుడితే తుపాకీ ఒకసారి పేలుతుంది, మనిషి పోతే వెంటవెంటనే రెండుసార్లు. నలభై ఏళ్లుగా పేల్చేది బిద్దప్పే, గొట్టానికో మీట ఉన్న తన జంటగొట్టాల తుపాకీతో.

తుపాకీ పట్టడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. కొత్తకోడళ్లను కూడా వదిలేవాడు కాదు. "మడమల మీద నిలబడ్డావంటే వెల్లకిలా పడతావమ్మా, బరువంతా ముందుకాలి మీద వెయ్యి. మడమను భుజం గుంటలోకి లాక్కో. నీ మడమ కాదు తల్లీ, తుపాకీ మడమ! చెంప ఆనించు. సందిచ్చావా, ఎద్దులా తంతుంది." వాళ్లు నవ్వితే ఆయనకు కోపమొచ్చేది. తుపాకీ దగ్గర నవ్వులేమిటి?

ఈమధ్య పుట్టుకలన్నీ మైసూరు ఆసుపత్రుల్లోనే. ఊరికి మిగిలినవి చావులు. ఆరేళ్లుగా బిద్దప్ప పేల్చినవన్నీ జంట పేలుళ్లే.

అటువంటిది శ్రావణ వానలకు కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయి, ఆయన కోడలు దేచక్క ఇంట్లోనే ప్రసవించింది. పెళ్లయిన తొమ్మిదేళ్లకు కొడుకు. బిద్దప్ప కళ్లు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. పొగమంచు మిరియపు తీగలను కూడా కనిపించనివ్వడం లేదు. తుపాకీ ఎత్తాడు, పేల్చాడు.

రెండుసార్లు పేలింది.

లోపల కెవ్వుమంటున్న పసివాడు ఠక్కున ఆగిపోయాడు.

అరగంటలో మంచులోంచి మనుషులు వచ్చారు, అందరూ చావుకు కట్టే తెల్లబట్టల్లో. ముందు నడుస్తున్న పొన్నవ్వ, పక్కతోట ముసలామె, వాకిట్లో బిద్దప్పను చూసి వెనక్కి అడుగేసింది.

"నువ్వే పోయావనుకున్నామే! మరి పేల్చిందెవరు?"

"నేనే పిన్నీ. మనవడు పుట్టాడు."

ఎవరూ నవ్వలేదు. వచ్చినవాళ్లు కూర్చోలేదు, వెళ్లిపోలేదు.

అక్క చోందవ్వ గుమ్మంలోకి వచ్చింది. "పిల్లాడు కళ్లు తెరవట్లేదురా. పాలు పట్టట్లేదు. ఊపిరాడుతోందంతే. ఏం చేశావు నువ్వు?"

"తుపాకీ తన్నిందక్కా. వేలు జారి రెండో మీటకు తగిలింది."

"అందరికీ పాఠాలు చెప్పేవాడివి, నీకు జారిందా? అసలు రెండు తూటాలు ఎందుకు పెట్టావు?"

బిద్దప్పకు పెట్టినట్టే గుర్తులేదు.

"చావుకబురు పంపావు, జనం వచ్చేశారు," అంది చోందవ్వ. "వీళ్లు శవాన్ని మోయకుండా ఉత్తచేతులతో పోవాలంటే మళ్లీ పేల్చు. ఒక్కటి. అందరూ వినేలా."

ఈసారి బిద్దప్ప ఒక్క తూటా తీసి, అందరికీ చూపించి, కుడి గొట్టంలో పెట్టాడు. ఎడమ గొట్టంలోంచి ఆకాశం చూశాడు, ఖాళీ. ముందుకాలి మీద వంగాడు. పసిబిడ్డను హత్తుకున్నట్టు తుపాకీని భుజంలోకి లాక్కున్నాడు. వెంట్రుక దూరే సందు కూడా లేదు. మీట నొక్కాడు.

ఒకటే పేలుడు. కొండ బదులిచ్చింది. తుపాకీ భుజంలో ఒదిగిపోయింది, కొంచెం కూడా ఎగరలేదు. వేలు జారడానికి కారణమే లేదు.

అయినా వేలు కదిలింది. ఆయన చూస్తుండగానే, తనది కానట్టు, వెనకున్న రెండో మీటకు వెళ్లి నొక్కింది.

ఖాళీ గొట్టంలో టిక్‌మంది.

లోపల పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు. వాకిలంతా ఒక్కసారిగా గోల. పొన్నవ్వ ముక్కు చీదుకుంటూ, "గొంతు తాతదే," అంది. జనం నవ్వారు. ఎవరో కాఫీ అడిగారు. టిక్ అన్నది మాత్రం ఎవరి చెవినా పడలేదు.

బిద్దప్ప తుపాకీ తెచ్చి అక్క చేతుల్లో పెట్టాడు.

"ఇక నేను పేల్చనక్కా. దేచక్క లేచాక తనకివ్వు."

"ఏంరా, భుజం అంత నొప్పెట్టిందా?"

"భుజం కాదక్కా," అన్నాడు బిద్దప్ప, కుడిచేతి చూపుడువేలును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని.